ఎనిమిదో గొంతు

ఏనుగు దూరితే తొండం కూడా కనబడనంత పొగమంచు కమ్మిన జొన్నచేలో, ఓ పూరేడు పిట్ట తన ఏడుగురు పిల్లల చేత అంకెలాట ఆడిస్తోంది. పెద్దది "ఒకటి" అంటే తర్వాతది "రెండు" అనాలి. మంచులో ఎవరూ తప్పిపోలేదని తల్లికి అదే ధైర్యం.

"ఏం వదినా, పిల్లల్ని కచేరీ ఉద్యోగాలకి పంపుతావా?" అని గట్టు మీది కౌజుపిట్ట వెక్కిరించింది.

"నోర్ముయ్యి వదినా, లెక్క తప్పుతుంది!"

"ఆరు," అంది ఆరోది.

"ఏడు," అంది అన్నిటికన్నా చిన్నదైన బుడ్డిది.

"ఎనిమిది," అంది బుడ్డిదాని వెనకనుంచి ఓ చల్లటి గొంతు.

తల్లి గుండె మూడూళ్ళకి వినబడేలా కొట్టుకుంది. అరిచిందా, ఆ గొంతు బుడ్డిదాన్ని మింగేస్తుంది. అందుకని నవ్వు తెచ్చుకుని, "భలే! ఇప్పుడు వెనకనుంచి లెక్క. వంతు వచ్చినవాళ్ళు రెండు కాళ్ళూ టకటకా నేలకి కొట్టి గట్టెక్కాలి. ఎనిమిదీ, మొదలు నీదేనమ్మా!" అంది.

మంచులో ఏదో జరజరమంటూ తన గజాల పొడుగు ఒళ్ళంతా కాళ్ళ కోసం తడుముకుంటోంది.

"నిదానంగా వెతుక్కో తల్లీ. ఈలోగా ఏడూ, నువ్వు రా!"

టక్ టక్. బుడ్డిది గట్టెక్కింది. ఆరు, అయిదు, నాలుగు... ఒకటి దాకా అందరూ ఎక్కేశారు. కౌజుపిట్ట తన కాళ్ళు కూడా ఓసారి లెక్కపెట్టుకుంది.

మర్నాడూ అదే మంచు. గట్టు మీద ఏడు జతల కాళ్ళ చప్పుడయ్యాక, కింద చేలో ఎవరో తోకతో నేలని కొట్టి నేర్చుకుంటున్నారు.

టక్... టక్.

తల్లి ఆ పూటే పిల్లలకి ఎక్కాలు మొదలుపెట్టింది.