దారం కొలత

“నేను కొలిస్తే మీరు నమ్మరు. నీ కూతుర్నే కొలవమను,” అన్నాడు ఆఫీసరు, లేచి తన కుర్చీ చూపిస్తూ.

టైలరు కంగారుపడ్డాడు. ఆఫీసరు కుర్చీలో తన కూతురా! భుజం మీద దగ్గుతున్న చిన్నదాన్ని సర్దుకుని, “కూర్చోవే, సారు చెప్తున్నారుగా,” అన్నాడు పెద్దదానితో.

పెద్దది ఏడో తరగతి. బెదురూ గిదురూ లేకుండా కూర్చుంది.

బల్ల నిండా ఊరి పటం. పై మూలన ఉత్తరం బాణం. కింద గళ్లు గళ్లుగా కొలబద్ద. ఒక్కో గడికి వంద మీటర్లు. ఎర్ర గీత రోడ్డు, నీలం గీత కాలువ. ఇవన్నీ దానికి కొట్టిన పిండి. కాలువకు అవతల నల్లచుక్క ఫ్యాక్టరీ పొగగొట్టం. ఇవతల ఇళ్ల వరుస, అందులో మూడోది వాళ్లది.

ఫ్యాక్టరీకి కిలోమీటరు లోపలున్న ఇళ్లలో జబ్బుపడ్డ పిల్లలకు పెద్దాసుపత్రిలో వైద్యం చేయించాలని కోర్టు చెప్పింది. ఖర్చంతా ఫ్యాక్టరీదే. ఆఫీసు ప్యూను ఇంటింటికీ నోటీసు పంచుతూ, “కిలోమీటరు లోపలైతే రండి, లేకపోతే లేదు,” అని చెప్పిపోయాడు. చిన్నదాని ఊపిరితిత్తుల్లో పొగ పేరుకుందని డాక్టరు చెప్పి అప్పటికే ఆరు నెలలు. ఆరేసిన బట్టల మీద మధ్యాహ్నానికల్లా మసి వాలే ఇల్లు అది. ఐదేళ్ల పిల్ల ఏం తట్టుకుంటుంది?

“నీకు మ్యాపులు బాగా వచ్చటగా?” అడిగాడు ఆఫీసరు.

“వచ్చు సార్. స్కేలుతో కొలుస్తాను, దారంతోనూ కొలుస్తాను. మా సోషల్ సారు నేర్పారు.”

“శభాష్! టైలరుగారి అమ్మాయివి, నీకు దారం కొత్తా?” బల్ల మీదున్న ప్లాస్టిక్ స్కేలు ఆమె చేతికి అడ్డం రాకుండా తీసి సొరుగులో పడేశాడు. “రోజూ నడిచే రోడ్డే కదా, దాని వెంటే పెట్టు. నువ్వెంతంటే అంత రాస్తాను. సరేనా?”

ఇంత మర్యాదగా మాట్లాడే ఆఫీసర్ని టైలరు తన జన్మలో చూడలేదు. వెనక వరుసలో నిలబడ్డ ఇరుగుపొరుగు కూడా, “మాకూ ఆ పిల్లే కొలుస్తుంది సార్,” అన్నారు. మన పిల్ల అయితే మనవైపే కొలుస్తుందని ఆశ.

పెద్దది దారం కొస ముడివేసింది. ముడిని ఫ్యాక్టరీ గేటు దగ్గర నొక్కిపట్టి, రోడ్డు వెంట మెల్లగా పరుచుకుంటూ పోయింది. వంతెన దాకా వెళ్లింది. కాలువ దాటింది. ఇవతలి రోడ్డు వెంట ఇంటి దాకా వెనక్కి వచ్చింది.

టైలరు వంగి చెవిలో గొణిగాడు. “కాస్త బిగించి లాగవే. ఆ మలుపులు వదిలెయ్.”

“తప్పు నాన్నా. మలుపు మలుపుకీ దారం ఒదగాలి.”

ఆఫీసరు విననే విన్నాడు. “పిల్లని చూసి నేర్చుకోవయ్యా,” అని నవ్వాడు. టైలరు తల దించుకున్నాడు.

దారాన్ని కొలబద్ద మీద పరిచింది. పది గళ్లు దాటకూడదు. పది దాటింది. పదకొండూ దాటింది. పన్నెండున్నర దగ్గర ఆగింది. మళ్లీ కొలిచింది. మూడోసారీ కొలిచింది. అయినా పన్నెండున్నరే.

“చెప్పమ్మా.”

“పన్నెండొందల యాభై,” అంది.

ఆఫీసరు నిట్టూర్చి చిన్నదాని తల నిమిరాడు. ఒక కాగితం ముందుకు జరిపాడు. ‘కొలత మావాళ్లే చేశారు. మాకు సమ్మతమే. ఇకపై ఏ అభ్యంతరమూ చెప్పం.’ టైలరు వేలిముద్ర వేశాడు. కొలిచినవారు అన్నచోట పెద్దది గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది.

ఆ సాయంత్రానికి వరుసలోని పదకొండు ఇళ్లకీ పెద్దదే కొలిచింది. ఒక్క ఇల్లూ కిలోమీటరు లోపల పడలేదు.

“నేను బిగించి లాగాల్సింది కదా నాన్నా?” దారిలో అడిగింది.

“ఊరుకో. గుడ్డ చాలకపోతే తప్పు టేపుదా?” అన్నాడే గానీ, మూడు రోజులు దానితో సరిగ్గా మాట్లాడలేదు. ఇరుగుపొరుగు మాత్రం మాట్లాడారు. చదువుకున్న పిల్లే చేతులారా ముంచిందన్నారు. దానికి వినపడేలాగే అన్నారు.

నెల తిరిగింది. చిన్నదిప్పుడు వెల్లకిలా పడుకోలేకపోతోంది. వీపుకి దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది.

కుట్టడానికిచ్చిన ప్యాంటు కోసం సోషల్ సారు వచ్చారు. పెద్దది నాన్న మిషను పక్కన కూర్చుని గుండీలు కుడుతోంది. వారంగా బడికి రావడం లేదు.

“ఏమ్మా టైలరమ్మా, చదువుకి సెలవా?”

అది జరిగిందంతా చెప్పింది. “దారం పెట్టడంలో నేనేమైనా తప్పు చేశానా సార్?”

సారు గుమ్మంలోంచి బయటకు చూశారు. కాలువ అవతల పొగగొట్టం మీద రాసిన అంకెలు అక్కడికి చక్కగా కనిపిస్తున్నాయి. కాసేపు లెక్క వేసుకున్నారు. “వంతెన చుట్టూ తిరిగి అంటే... అంతే వస్తుంది. నీ కొలతకి నూటికి నూరు,” అన్నారు.

టైలరు ప్యాంటు తెచ్చి ఇచ్చాడు. నడుం దగ్గర పట్టి చూసుకుంటే బిగుతుగా అనిపించింది సారుకి.

“మీరు చెప్పిందే రాసుకున్నాను సార్, కావాలంటే చూడండి,” అంటూ టైలరు మిషను కింద నుంచి ఓ చీటీ తీసి ఇచ్చాడు. కిందటి నెల ప్యూను పంచిన నోటీసే. వెనకవైపు తెల్లగా ఉంటే కొలతలు రాసుకోవడానికి పనికొస్తుందని దాచుకున్నాడు.

ముప్పై నాలుగు, నలభై అని చదువుకుని, సారు ఆ కాగితాన్ని ఇటు తిప్పితే మూడో నిబంధన చిన్న అక్షరాల్లో కనిపించింది: ‘దూరమును రోడ్డు వెంట కాక, పొగగొట్టము నుంచి ఇంటి గుమ్మము వరకు స్కేలుతో సూటిగా మాత్రమే కొలవవలెను.’