దాలమ్మ పెట్టిన షరతు

ఆస్పత్రి ఒప్పుదల కాగితం మీద కూర్మయ్య వేలిముద్ర వేసేశాడు. అతని భార్య దాలమ్మ వెయ్యనంది.

ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉంది. సర్జన్ అనిర్బాన్ ఇప్పటికే రెండుసార్లు కబురు పంపాడు. ఆలస్యమైతే చేసి లాభం లేదని నర్సు బెంగాలీలో బతిమాలింది. దాలమ్మకు బెంగాలీ రాక కాదు. బతకడానికి ఈ ఊరొచ్చి, గార్డెన్ రీచ్ పేటలో చేపలమ్ముతూ నేర్చుకుంది. కానీ ఇవాళ ఆమె అడగదలచుకున్నదానికి ఆ బెంగాలీ చాలలేదు. చివరికి మత్తు డాక్టరు తెలుగావిడేనని ఎవరికో గుర్తొచ్చి, జ్ఞానప్రసూనను పిలుచుకొచ్చారు.

ఐసీయూలో దాలమ్మ కొడుకు పక్కనే నిలబడి ఉంది. ఢిల్లీశ్వరరావుకు నిండా పాతికేళ్ళు లేవు. ఏక్‌బాల్‌పూర్ మలుపులో బైకు జారి తలకు దెబ్బ తగిలింది. అప్పటినుంచి కళ్ళు తెరవలేదు. యంత్రం ఊపిరి పోస్తోంది. చెయ్యి మాత్రం వెచ్చగానే ఉంది. ఆ చేతిని ఆమె వదలడం లేదు.

జ్ఞానప్రసూన దగ్గరికెళ్ళి, మీ భయమేంటో చెప్పమ్మా అంది.

"కోసినప్పుడు ఆడికి తెలుస్తాదేటి?"

"తెలీదమ్మా."

"నాకూ అలాగే సెప్పినారు."

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే క్యాంపులో, మత్తు సరిగ్గా ఎక్కకముందే తన పొట్ట కోశారట. అరిస్తే ఎవరో నోరు నొక్కారట. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు. పక్కనే ఉన్న కూర్మయ్య తల దించుకున్నాడు.

"నానైతే అరిసినాను. ఈడు అరవనేడు కదమ్మా. నువ్వు దగ్గరుండి మత్తిత్తానంటేనే నాను ఒప్పుకుంతాను."

జ్ఞానప్రసూన మాటిచ్చింది. దాలమ్మ వేలిముద్ర వేసింది.

థియేటర్లో అనిర్బాన్ విసుక్కున్నాడు. చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నాడు. ఈ కేసుకి కండరాలు వదులయ్యే మందు చాలు, మత్తు దండగ అన్నాడు. జ్ఞానప్రసూన ఈమధ్య దీనిమీద వచ్చిన పరిశోధనలు వెతికి మరీ చదివింది. కత్తి తగలగానే ఇలాంటివాళ్ళకు కూడా గుండె వేగం పెరుగుతుంది, బీపీ ఎగురుతుంది. అది నొప్పి కాదు, వెన్నుపాము తనంతట తాను చేసే పని అంటారు చాలామంది. అయినా మత్తివ్వడమే మంచిదంటారు కొందరు. అందరూ ఒప్పుకున్న మాటంటూ లేదు. చదివినకొద్దీ ఆమెకు ధైర్యం రాలేదు సరికదా, ఉన్నది కాస్తా పోయింది.

"ఆ తల్లికి మాటిచ్చాను అనిర్బాన్ గారూ," అంది.

అతను కత్తి అందుకున్నాడు.

మొదటి కోతకే తెరమీద గుండె వేగం ఒక్కసారిగా పెరిగింది. జ్ఞానప్రసూన మత్తు గ్యాసు పెంచింది. అంకెలు నెమ్మదిగా దిగాయి. ఆ కుర్రాడి నుదుటిమీద చెయ్యి వేసి, ఏం లేదు నాన్నా, ఏం లేదు అని తెలుగులో గొణిగింది. ఎందుకలా అన్నదో ఆమెకే తెలీదు.

తన పని అయ్యాక ఆమె బయటికి వచ్చింది. వరండాలో దాలమ్మ గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. కూర్మయ్య కాస్త దూరంగా, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. దాలమ్మ వేరే ఏమీ అడగలేదు.

"నొప్పెట్టిందేటమ్మా ఆడికి?"

"లేదమ్మా. పక్కనే ఉన్నాను." తెరమీద చూసిన సంగతి జ్ఞానప్రసూన చెప్పలేదు.

"అంతే సాలు," అంది దాలమ్మ.

అప్పుడే థియేటర్ తలుపు తోసుకుని ఇద్దరు మనుషులు ఐసు పెట్టెతో పరుగున వస్తుంటే, ఆమె లేచి, ఇంకెవరికో అమర్చడానికి తీసుకెళ్తున్న కొడుకు గుండెను ఆ పెట్టె మీదనుంచే ఒక్కసారి తడిమి దారి ఇచ్చింది.