పెళ్లికూతురి డిజైన్

ఫ్యాక్టరీ ప్రమాదాల మీద కంది ఊళ్లోని కాలేజీలో రెండు రోజుల సదస్సు. మొదటి సాయంత్రం అతిథుల కోసం పచ్చికలో పాటలు, ఆటలు, ఓ మూల రుఖయ్యా మెహందీ స్టాలు.

చివరగా ప్రొఫెసర్ అరుణ చేయి చాపింది. పటాన్‌చెరు దగ్గర ఓ కంపెనీలో రియాక్టర్ పేలిన ఘటన మీద రేపు పేపరు చదవాల్సింది ఆమే.

కోన్ ఆగగానే అరచేతిని వెలుతురుకు తిప్పి చూసింది. తీగల మధ్య చిన్న తెలుగు అక్షరాలు. పెళ్లికూతురి చేతిలో వరుడి పేరు దాచి, అతని చేతనే వెతికిస్తారని ఆమెకు తెలుసు. నవ్వొచ్చింది.

"పొరపాటున పెళ్లికూతురి డిజైన్ వేశావమ్మా! ఎవరీ మొయిన్?"

"నా మొగడు, మేడం. పేలుడు నాడు డ్యూటీల ఉండె."

అరుణ నవ్వు ఆగిపోయింది. "చనిపోయిన ఎనిమిది మంది పేర్లూ నా దగ్గరున్నాయి. అందులో మొయిన్ లేడే!"

"కాంట్రాక్టరు రిజిస్టర్ల పేరెక్కియ్యలే. ఆ దినం రానేలేదంటున్రు. పొద్దుగాల డబ్బా గట్టి నేనే పంపిన. శవం గూడ దొరకలే. ఏడికి పోయినా పేరు లేదంటున్రు. జెర మీ కాయితంల రాయుండ్రి, మేడం. మీ కాళ్లు మొక్కుత."

"లిస్టులో లేని పేరు నేనెలా రాయగలనమ్మా?"

రుఖయ్యా కోన్ మూత పెట్టి, పచ్చిక వైపు చూసింది.

అరుణ కూడా అటు తిరిగింది. అక్కడ అతిథులంతా మెహందీ ఆరాలని చేతులు పైకెత్తి నిలబడ్డారు. ప్రతి అరచేతిలోనూ మొయిన్, హాజరు పలుకుతున్నట్టు.