సున్నాకీ ఒకటికీ నడుమ

పులికాట్‌లో రొయ్యలు బాగా పడే చోట ముందుగా వల వేసే వంతు ఎవరిదో తేల్చడానికి ఈసారి చీట్లు తీయలేదు. చదువుకున్న ముఖేష్ ల్యాప్‌టాప్ తెచ్చినాడు. దాంట్లో ఒక్క వరస టైపు కొడితే చాలు, పడవకొకటి చొప్పున సున్నాకీ ఒకటికీ నడుమ దశాంశాలన్నీ ఒకేసారి వచ్చి పడతాయంట. అందరికంటే తక్కువ వచ్చినోడిదే ముందు వంతు.

వాడు కొట్టినాడు. నేను భుజం మీదుగా తొంగి చూసినాను. నిన్న నా ముందే వాడు సరిచూసుకుంటా కొట్టినప్పుడు వచ్చిన అంకెలే!

“ఆపేసి మళ్లీ మొదలుపెట్టరా,” అన్నాను.

“నీ ఎకసెక్కాలకి ఇదా టైము, బాబాయ్?”

“ఏం, నీ పెట్టెకి సిగ్గా?”

మళ్లీ మొదలుపెట్టినాడు. తేడా లేకుండా అవే అంకెలు.

“జోస్యం చెప్పే చిలకే నయం, పూటకో కార్డు తీస్తది. ఇది బట్టీ పట్టిన పాఠం అప్పజెప్తా ఉంది. ఈ వంతుల వరసకి నేను ఒప్పుకోను.”

“ఓడిపోయినోడి గోల!” అని జనం నవ్వినారు.

ముఖేష్ నవ్వలేదు. “లెక్క మొదలయ్యే అంకె మార్చడం మరిచినా, బాబాయ్, అది మారకపోతే ఎన్నిసార్లు కొట్టినా అవే వస్తాయి,” అని నా చెవిలో గొణిగినాడు. “మార్చమంటావా? ముందు వంతు నీదే గదా.”

“ముందు వంతు నాదని చూసే అడ్డం పడినానురా,” అన్నాను, అందరికీ వినబడేట్టు. “మార్చి కొట్టు!”