సుగ్గికి పోయే ముందు

“అమ్మా, నా పేరు పక్కన ఒక మాట రాసుకోండి.”

ఎమ్మిగనూరు రక్తదాతల సంఘం గుమ్మంలో నిలబడి అడిగాడు ఆ మనిషి. తలకు తువ్వాలు, చేతిలో గోనెసంచి.

గుమాస్తా వనజ తలెత్తలేదు. ఆమె ఉద్యోగంలో చేరి రెండు నెలలే. పాత కంప్యూటరు పొద్దున్నే చచ్చి ఊరుకుంది. దాతల గుట్టు బయటికి పొక్కకూడదని వాళ్ల జాబితాకు తాళం వేసి, దాని పాస్‌వర్డును బెంగళూరులో ఒక సర్వర్లో దాచారు. దాన్ని అడిగి తెచ్చే ప్రోగ్రాంను కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టాలి. బొమ్మలుండవు, బటన్లుండవు. నల్లతెర మీద అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి.

ఆదోని ఆసుపత్రిలో సునీత అనే బాలింతకు బాంబే గ్రూపు రక్తం కావాలి. పదివేలమందిలో ఒక్కరికి ఉంటే గొప్ప. సాయంత్రం లోపల ఎక్కించాలన్నారు.

“ఇప్పుడేం రాయలేనప్పా. సర్వర్ తెరుచుకోలేదు. రేపు రా.”

“రేపు ఉండనమ్మా. సుగ్గికి పోతాండాము, గుంటూరు దిక్కు మిరప కోతకు. ఫోను పోయింది. యాడుంటానో సెప్పి పోదామని వచ్చినా.”

“సరే, కూర్చో.”

కూర్చున్నాడు.

ఆ సర్వర్ చూసుకునే చంద్రశేఖర్ బెంగళూరు నుంచి ఫోన్లో చెబుతున్నాడు.

“సర్వర్ అడ్రసు కొట్టినావా అక్కా? చివర పోర్టు నంబరు?”

“కొట్టినా. పర్మిషన్ లేదంటాంది.”

“లోపలికి రానిచ్చే టోకెను గడువు తీరిపోయింటాది. కొత్తది పంపిస్తా, ఉండు.”

మధ్యలో సునీత తల్లి ఏసమ్మ ఫోను.

“దొరికినారా తల్లీ?”

“సూస్తాండా ఏసమ్మా.”

ఆ మనిషి లేచాడు.

“అమ్మా, బస్టాండు కాడ లారీ కదిలే టైమైంది. ఒక్క ముక్క రాసుకుంటే...”

వనజకు ఒళ్లు మండింది.

“పనిలో ఉండానని కనపల్లేదా? నీ ఒక్కడి పేరు లేకుంటే సంఘమేం మునిగిపోదులే, పో.”

“తప్పు నాదేలేమ్మా. పని మీద ఉండారు.”

చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

గంట తర్వాత కొత్త టోకెను పనిచేసింది. పాస్‌వర్డు వచ్చింది. జాబితా తెరుచుకుంది. వనజ ఆత్రంగా గ్రూపు పేరు కొట్టింది.

ఒక్కటే పేరు వచ్చింది.

ఆ నంబరుకు ఫోను చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్.

పేరు కింద పాత గుమాస్తా ఏదో రాసి పెట్టాడు. వనజ చదివింది.

“జయన్న, కోసిగి. ఈ గ్రూపుకు మనకు ఈయనొక్కడే దిక్కు. ఏ ప్రాణానికి అవసరమొస్తుందోనని ఏటా సుగ్గికి పోయే ముందు తానే వచ్చి, ఏ ఊర్లో ఉండేదీ చెప్పి పోతాడు.”