నువ్వుగింజంత గుర్తు

"మొత్తం తీసెయ్యాలి," అంది సర్జన్.

"గడ్డే లేదని ఇప్పుడేగా అన్నారు," అంది సర్వేయరు.

"లేదు. పూర్తిగా కరిగిపోయింది. అందుకే మీ రొమ్ము మొత్తం తీసెయ్యాల్సి వస్తోంది."

సర్వేయరు పక్కకి తిరిగి వాళ్ళమ్మ వంక చూసింది, తను విన్నదే ఆవిడా విన్నదా అని. ఆవిడ ఒళ్ళో చేతిసంచి బిగించి పట్టుకుని, సంతోషించాలో ఏడవాలో తెలియక నోరు తెరుచుకుని ఉండిపోయింది. రెండు నిమిషాల కిందట ఇదే బల్ల ముందు తల్లీకూతుళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వారు.

నవ్వరూ మరి! అయిదు నెలల కిందట గడ్డ బయటపడినప్పుడు, సూదితో తీసిన ముక్క వివరాలూ స్కాన్ బొమ్మలూ కంప్యూటరుకిచ్చి, ఆపరేషన్‌కి ముందే మందులెక్కిస్తే ఇది కరుగుతుందా అని చూశారు. వందలో తొమ్మిది మందికే అంది అది. అయినా ఎక్కించమని పట్టుబట్టింది సర్వేయరు. గడ్డ తగ్గితే చిన్న కోతతో పోతుంది, రొమ్ము మిగులుతుంది. ఆమెకి కావలసింది అంతే. "ఆ తొమ్మిది మంది పక్కన నాకూ ఓ కుర్చీ వేయించండి" అంటూ ఆరు డోసులూ ఎక్కించుకుంది. జుట్టు పోయింది, కనుబొమలు పోయాయి, గోళ్ళు నల్లబడ్డాయి. చివరికి గడ్డా పోయింది.

"నాకర్థమయ్యేలా చెప్పండి మేడమ్," అంది. గొంతు పెంచలేదు. పొలం గట్టు కోసం కొట్టుకునే అన్నదమ్ముల మధ్య నిలబడి కొలత గొలుసు లాగిన మనిషి. గొంతు పెంచితే పని చెడుతుందని ఆమెకి తెలుసు.

"పైకి కరిగినట్టున్నా, ఆ చోట కంటికి కనపడనిది కాస్త మిగిలి ఉండొచ్చు. ఆ చోటు వరకూ కోసి పరీక్షకి పంపాలి. కానీ ఆ చోటెక్కడో ఇప్పుడు తెలియడం లేదు. చేతికీ తగలడం లేదు, స్కాన్‌లోనూ లేదు."

"పాత స్కాన్లున్నాయిగా?"

"ఉన్నాయి. కానీ మెత్తటి చోటండీ, ఇటు తిరిగితే ఇటు, అటు తిరిగితే అటు జరుగుతుంది. ఉజ్జాయింపున కోసి, అసలుదాన్ని లోపలే వదిలేస్తే?" సర్జన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అందుకే మొదటి డోసుకి ముందే గడ్డ మధ్యలో సూదితో నువ్వుగింజంత లోహపు గుర్తు పెట్టిస్తాం. గడ్డ కరిగినా గుర్తు ఉంటుంది. మీకది లేదు."

"ఎందుకు లేదు?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. పెట్టమనే రాశాను నేను."

సర్వేయరు అంది: "హద్దురాయి పాతకుండా మేము గజం నేల కూడా కొలవం మేడమ్. దాని మీద కోర్టుకెక్కుతారు జనం."

"నువ్వుండు అమ్మడూ," అంటూ తల్లి లేచి నిలబడింది. "వాళ్ళ నిర్లక్ష్యానికి నా పిల్ల రొమ్ము పోగొట్టుకోవాలా? ఆ గుర్తు పెట్టనిదెవరో పిలిపించండి. వాళ్ళ చేతులు పడిపోను."

"అమ్మా, కూర్చో."

"కూర్చోను. మీ నాన్న పోయిననాడు అందరూ సర్దుకోమంటే సర్దుకున్నాను. ఈసారి సర్దుకోను. నేనప్పుడే అన్నాను, ఈ ఆసుపత్రి వద్దని."

"నువ్వన్నది ఇక్కడి కాఫీ బాగాలేదని."

"రెండూ ఒకటే."

స్కాన్ గదిలో ఉన్న కాగితాలు తెమ్మని సర్జన్ నర్సుని పంపింది. నర్సు వచ్చేదాకా తల్లి కూర్చోనే లేదు. కూతురి వెనకాల నిలబడి, ఆమె ఊలుటోపీ మీద చెయ్యి వేసి నిమురుతూనే ఉంది.

కట్ట వచ్చింది. సర్జన్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క కాగితమే తిప్పింది. ఒకచోట ఆగింది. చదివింది. మళ్ళీ మొదట్నించీ చదివి, కట్ట మూసేసింది.

"దీని గురించి రేపు మాట్లాడుకుందాం," అంది. "ఇవాళ మీరిద్దరూ ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

"పేరు చెప్పండి మేడమ్. నేనేం కొట్టను, తిట్టను. తెలుసుకుంటాను, అంతే."

"దాచకండి డాక్టరుగారూ," అంది తల్లి. "ఎంతటివాళ్ళయినా సరే."

సర్జన్ ఆవిడ వంక చూడలేదు. సర్వేయరుని అడిగింది: "మందెక్కించడానికి మెడ కింద గొట్టం పెట్టిన రోజు మీకు మత్తిచ్చారు కదూ?"

"ఇచ్చారు. రెండు గంటలు ఒళ్ళు తెలియలేదు. ఎందుకు?"

సర్వేయరు బల్ల మీదికి వంగి, కట్ట తనవైపు లాక్కుని, ఆ కాగితం తీసింది. గడ్డలో గుర్తు అమర్చడానికి అనుమతి పత్రం. 'వద్దు' అన్న గడిలో టిక్కు. ఆ కింద నీలంసిరాతో రెండు మూడు వరసలు.

"చదువు తల్లీ," అంది వెనకనించి వాళ్ళమ్మ. "పైకే చదువు. అందరూ విననీ."

సర్వేయరు తనలోనే చదువుకుంది. కాగితం మీద ఇలా ఉంది: 'కరగదని మీ కంప్యూటరే చెప్పింది కదా. మత్తులో ఉన్న పిల్లని ఇంకో సూదితో పొడవడానికి నేను ఒప్పుకోను. ఇట్లు, తల్లి.'