ఎర్రక్క కాలిముద్ర

తొలకరికి ముందు అడవి సర్కారు చల్లటి కబురు చెప్పింది. నేల సాగుచేసే ప్రతి జీవికీ ఒక తట్ట ఆకు ఎరువు ఉచితమట. ఆ మాట వినగానే వానపాము ఎర్రక్కకి ప్రాణం లేచొచ్చింది. వాగొడ్డు చేనంతా ఒంటిచేత్తో గుల్లచేసింది ఆవిడే. చేతుల్లేవనుకోండి, అయినా ఆవిడే. ఎరువు రాకపోతే ఈ ఏడు ఆవిడకి తిండీ ఉండదు, చేనుకి సత్తువా ఉండదు.

తట్టలు పంచడానికి మేక గుమస్తా వచ్చాడు. మనిషి మంచివాడే గానీ రూలంటే హడలు.

"కాగితం మీద కాలిముద్ర వెయ్యమ్మా."

"నాకు కాళ్ళెక్కడివి బాబూ?"

"ముద్ర లేందే ఇవ్వకూడదు తల్లీ. గట్టుమీద పడి నిద్రపోయే కుందేలు కూడా ముద్రేసి తట్ట పట్టుకుపోయాడు. నేనేం చెయ్యను?"

ఎర్రక్క చిన్నబుచ్చుకుంది గానీ కోప్పడలేదు. "ఇంతదూరం వచ్చారు, మా చేనైనా చూసి వెళ్ళండి," అంది.

గుమస్తా మొహమాటానికి చేలో అడుగుపెట్టాడు. పెట్టీ పెట్టగానే గిట్ట మెత్తటి తడిమట్టిలో పూర్తిగా దిగబడింది. పైకి లాగి చూస్తే, అచ్చుపోసినట్టు ముద్ర.

"అదే బాబూ నా ముద్ర," అంది ఎర్రక్క. "నేను దున్నకపోతే మీ కాలు ఇక్కడ దిగేదే కాదు."

గుమస్తా గడ్డం ఊపుకుంటూ కాసేపు ఆ గుంటకేసే చూశాడు. తర్వాత కాగితం నేలమీద పరిచి, ఎర్రక్క పేరుకి ఎదురుగా, ఆ మట్టికాలే గట్టిగా నొక్కాడు.